అమ్మ మింగిన కెమెరా

ముప్పై నాలుగు వేల రూపాయల మాత్ర అది. ఒక్కటే. గ్లాసుడు మంచినీళ్లతో మింగెయ్యాలి. లోపల మందేమీ ఉండదు. ఒక కెమెరా, దాని చుట్టూ బుల్లి దీపాలు, చేతిగడియారాల్లో వేసే లాంటి బ్యాటరీలు, తీసిన బొమ్మల్ని బయటికి పంపడానికి ఒక చిన్న రేడియో. పొడవు 26 మిల్లీమీటర్లు, మందం 11. బరువు నాలుగు గ్రాముల లోపే. మా అమ్మ దాన్ని చూసి "పనసగింజంతుంది" అంది. నిజంగానే అంతే ఉంది.

క్యాప్సూల్ ఎండోస్కోపీ అంటారు ఈ పరీక్షని. పొద్దున మింగితే సాయంత్రం దాకా అది పేగుల్లో దొర్లుకుంటూ, సెకనుకి రెండు చొప్పున ఫొటోలు తీసుకుంటూ పోతుంది. ఎనిమిది గంటలకి యాభై వేల పైచిలుకు. (కొత్త రకాలైతే, వేగంగా జారుతున్నప్పుడు ఇంకా ఎక్కువ తీస్తాయట.) నడుముకి కట్టిన బెల్టు వాటిని అందుకుని ఒక డబ్బాలో దాస్తుంది. అక్కడితో మాత్ర పని అయిపోయినట్టే. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే బయటికొచ్చేస్తుంది. దాన్ని వెతికి తెచ్చివ్వమని ఎవరూ అడగరు.

అమ్మకి మాత్ర బాగానే దిగింది కానీ ఈ చివరి ముక్క మాత్రం మింగుడు పడలేదు. "ముప్పై నాలుగు వేలు పోసి కొన్న వస్తువు దొడ్లో పారబోసుకోవడమా? సుబ్బరంగా కడిగి ఇంకోళ్లకి వాడరా?" అని నర్సుని అడిగింది. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక పక్కకి తిరిగింది. డబ్బు నీళ్లలో పోయడం అనే మాటని ఇంత అక్షరాలా అమలు చేసే పరీక్ష మరొకటి ఉండదేమో.

అసలు మేం ఆ మాత్రదాకా ఎందుకు రావాల్సొచ్చిందంటే, అమ్మ ఒంట్లో రక్తం ఎక్కడికో పోతోంది.

అమ్మకి 56 ఏళ్లు. కోనసీమలో ఉంటుంది. ముప్పై సెంట్ల తోట. అరటి, కంద, గట్ల మీద కొబ్బరి. నాన్న పోయాక హైదరాబాదు వచ్చెయ్యమంటే, తోటని ఎవరు చూస్తారంది. రెండేళ్ల కిందట మొదలైంది ఆయాసం. నాలుగు మెట్లెక్కితే గుండెదడ. తోటలోంచి వచ్చి అరుగు మీద కూలబడితే గంటదాకా లేచేది కాదు. "పెద్దతనం" అన్నారు ఊళ్లో. మా పెద్దమ్మ ఇంకో అడుగు ముందుకేసి, "కూతురు సంపాదిస్తోంది కదా, దీనికింక కాలు కదపబుద్ధి కావట్లేదు" అంది. అమ్మ నవ్వేసి ఊరుకుంది. అప్పట్లోనే ఇంకో అలవాటు కూడా మొదలైంది. వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తీసి నోట్లో పోసుకునేది. పచ్చిబియ్యం తింటే పెళ్లిలో వానొస్తుందని చిన్నప్పుడు నన్ను తిట్టిన మనిషే.

ఒంట్లో ఇనుము బాగా తగ్గిపోయిన మనుషులకి మట్టి, బియ్యం, ఐసు ముక్కలు లాంటివి తినాలనిపిస్తుందని తర్వాత తెలిసింది.

హిమోగ్లోబిన్ 5.8 వచ్చింది. ఆడవాళ్లకి 12 ఉండాలి. రెండు ప్యాకెట్ల రక్తం ఎక్కించారు, ఐరన్ మాత్రలు రాశారు. మూడు నెలలకి మళ్లీ ఆరు దగ్గర తేలింది. పోసిన నీళ్లు పోసినట్టే ఇంకిపోతుంటే కుండకి ఎక్కడో చిల్లున్నట్టే కదా. మోషన్ పరీక్ష చేస్తే రక్తం జాడ ఉందని వచ్చింది, అంతకుమించి ఏమీ దొరకలేదు. నోట్లోంచి గొట్టం వేసి కడుపు చూశారు, శుభ్రంగా ఉంది. కిందనుంచి వేసి పెద్దపేగు చూశారు, అదీ శుభ్రమే. స్కానింగులో ఏమీ లేదు. ఆ వయసులో అలా రక్తం పోతోందంటే ముందు క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. డాక్టర్లు అదే చేశారు. ఒక్కో రిపోర్టు 'నార్మల్' అని వచ్చిన కొద్దీ మా భయం పెరగడమే విచిత్రం.

మిగిలింది మధ్యలో ఉన్నది. చిన్నపేగు.

మనిషి లోపలికి తొంగి చూడాలన్న తపన చాలా పాతది. 1868లో జర్మనీలో కుస్‌మౌల్ అనే డాక్టరు కత్తులు మింగే గారడీవాడిని పిలిపించి, అతని గొంతులోంచి తిన్నటి లోహపు గొట్టం దించి కడుపు చూడబోయాడు. గొట్టమైతే దిగింది కానీ లోపల చీకటి. వెలుగు చాల్లేదు. ఆ తర్వాత వంగే గొట్టాలొచ్చాయి. గాజు పోగుల్లోంచి బొమ్మని పంపొచ్చని పంజాబులోని మోగాలో పుట్టిన నరిందర్ సింగ్ కపానీ, తన గురువు హాప్కిన్స్‌తో కలిసి 1954లో చూపించాక, హిర్షోవిట్జ్ అనే ఆయన ఆ పోగులతో గొట్టం తయారు చేసి 1957లో ముందు తనే మింగాడు. (ఈ చరిత్ర నిండా తామే ముందు మింగేవాళ్లు కనిపిస్తారు. డాక్టర్లలో నాకు బాగా నచ్చిన సంగతి ఇది.) అయినా గొట్టం గొట్టమే. పైనుంచి కొంత, కిందనుంచి కొంత వెళ్తుంది. నడుమ దాదాపు ఆరు మీటర్ల చిన్నపేగు, చుట్టలు చుట్టలుగా, మడతలు మడతలుగా పడి ఉంటుంది. మామూలు గొట్టానికి అందదు.

ఆ నడుమని చూడొచ్చనే ఊహ ఒక క్షిపణుల ఇంజనీరుకి వచ్చింది. గావ్రియల్ ఇద్దాన్ ఇజ్రాయెల్‌లో రఫాయెల్ అనే ఆయుధాల సంస్థలో పనిచేసేవాడు. క్షిపణి ముక్కున ఉండి లక్ష్యాన్ని వెతికే కన్ను ఉంటుంది కదా, అది ఆయన పని. 1981లో సెలవు మీద బోస్టన్‌లో ఉన్నప్పుడు పక్కింట్లో కడుపు డాక్టరు ఒకాయన, ఎయిటాన్ స్కాపా, చిన్నపేగులోకి చూడలేకపోతున్నామని ఈయన దగ్గర వాపోయాడు. క్షిపణిలాంటిదే చిన్నది చేసి మింగిస్తే? అనుకున్నాడు ఇద్దాన్. అనుకున్నంత తేలిక కాలేదు. అప్పటి కెమెరా చిప్పులు బ్యాటరీని నిమిషాల్లో తాగేసేవి. తర్వాత నాసా వాళ్ల జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో, అంతరిక్ష నౌకల కోసం, ఎరిక్ ఫోసమ్ బృందం చాలా తక్కువ కరెంటుతో పనిచేసే కెమెరా చిప్పుని తయారు చేసింది. మన ఫోన్లలో ఉన్నది దాని సంతానమే. దాంతో దారి దొరికింది. ఇదే ఆలోచన మీద విడిగా తంటాలు పడుతున్న లండన్ డాక్టరు పాల్ స్వైన్ ఇద్దాన్ వాళ్లతో కలిశాడు. 1999లో మొదటి క్యాప్సూల్‌ని మింగింది ఆయనే. 2000లో 'నేచర్' పత్రికలో వ్యాసం వచ్చింది, 2001లో అమెరికా అనుమతించింది.

మొదట్లో దానికి పెట్టిన పేరు ఎం2ఏ. మౌత్ టు ఏనస్. ఇంజనీర్లు పేరు పెడితే అలాగే ఉంటుంది. తర్వాత ఎవరో కాస్త సిగ్గుపడి పిల్‌క్యామ్ అని మార్చారు.

క్షిపణి కన్ను అని చదివినప్పుడు నాకు కాసేపు అదోలా అనిపించింది. ఆ కన్ను వెతికే లక్ష్యాలు ఎలాంటివో రోజూ ఫోన్లలో చూస్తూనే ఉన్నాం. ఆ కన్నుకి వరసైన ఇంకో కన్ను మా అమ్మ కడుపులోకి, ఆమె కోసం వెతకడానికి దిగుతోంది. ఈ రెండు విషయాల్నీ కలిపి ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. క్షిపణిని ఎవరో గురిపెడతారు. ఈ మాత్రని మాత్రం ఎవరూ నడపరు. అన్నాన్ని తోసినట్టే పేగు దీన్నీ తోస్తుంది. ఒకోసారి ఒకే మడత దగ్గర అరగంట ఆగిపోతుంది, ఒకోసారి చూడాల్సిన చోటునే దాటేసి పోతుంది.

మింగే ముందురోజంతా జావ, మజ్జిగ తేట, కొబ్బరినీళ్లు. రాత్రి విరేచనాల మందు. తెల్లారేసరికి అమ్మ తీగలా అయిపోయింది. కాగితాల మీద సంతకాలు చేసేటప్పుడు చెప్పారు: పేగు ఎక్కడైనా సన్నబడి ఉంటే మాత్ర అక్కడ చిక్కుకుపోవచ్చు, అరుదే కానీ అప్పుడు ఆపరేషన్ చేసి తీయాల్సి రావచ్చు. బయటికొచ్చేదాకా ఎమ్మారై గది ఛాయలకి కూడా పోవద్దు. అమ్మ ఇవేవీ వినలేదు. డబ్బాలోంచి మాత్రని తీస్తున్న నర్సు చేతినే చూస్తోంది. ఆ డబ్బాలో అయస్కాంతం ఉంటుంది. దాన్నుంచి వేరు చెయ్యగానే మాత్ర టక్ టక్‌మని వెలగడం మొదలెట్టింది. మిణుగురులా. "దీపం మింగడమేంటే బాబూ" అంది అమ్మ, మింగేసింది.

రెండు గంటల తర్వాత నీళ్లు, నాలుగు గంటల తర్వాత ఇడ్లీ తినొచ్చన్నారు. ఆస్పత్రి ఎదురుగా పార్కులో కూర్చున్నాం. అమ్మ నడుముకి బెల్టు, భుజానికి డబ్బా, దాని మీద చిన్న లైటు. వెళ్లేవాళ్లు అదేదో బాంబన్నట్టు చూస్తున్నారు. అమ్మ చీర కొంగు కప్పుకుని, "ఇప్పుడెక్కడుందంటావ్?" అని అరగంటకోసారి అడిగేది. నేను ఫోన్లో చూసి ఏదో చెప్పేదాన్ని. మధ్యాహ్నానికి అడగడం మానేసి, కంద ఈసారి ఏం ధర పలుకుతుందో మాట్లాడటం మొదలెట్టింది.

ఆ ఫొటోల్ని చూడటాన్ని డాక్టర్లు 'రీడింగ్' అంటారు. క్యాప్సూల్ చదవడం. నాకు ఆ మాట చెవిన పడగానే కుతూహలం కలిగింది, ఎందుకంటే నా ఉద్యోగమూ అదే. పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. మా అమ్మ క్యాప్సూల్ చదివిన డాక్టరమ్మకి నాకంటే రెండు మూడేళ్లు పెద్ద వయసుంటుందేమో. నా పనేంటో తెలిశాక, మూడో రోజు మమ్మల్ని పిలిచి తెర మీద చూపిస్తూ కొంచెంసేపు ముచ్చట పెట్టింది.

యాభై వేల బొమ్మలు. వేగంగా నడిపిస్తే గంట, గంటన్నరలో అయిపోతుంది. అందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఏమీ లేనివే. గులాబీరంగు గోడ, మళ్లీ గులాబీరంగు గోడ, పసరు, బుడగలు, మళ్లీ గోడ. దొరకాల్సింది ఒక్క బొమ్మలోనో రెండు బొమ్మల్లోనో ఉంటుంది. అంటే పేగులో అర సెకను. ఆ అర సెకనులో రెప్ప వేస్తే పోయింది. "ఫోన్ బయట పెట్టేస్తాను, రోజుకి రెండు మూడుకి మించి చదవను. మూడోదానికే కన్ను అబద్ధం చెప్పడం మొదలెడుతుంది" అంది. నాకు చప్పున అర్థమైంది. ప్రూఫుల్లో కూడా అంతే. తప్పున్న పేజీ చూడటానికి తప్పులేని పేజీలాగే ఉంటుంది. నలభై పేజీలు వరసగా బాగున్నాయంటే నలభై ఒకటో పేజీని కన్ను చదవదు, ఊహించుకుంటుంది. మనకొచ్చిన భాషే మనకి శత్రువు.

ఇప్పుడు ఈ చదువుని కంప్యూటర్లకి అప్పజెబుతున్నారు. 2019లో చైనా పరిశోధకులు తమ ప్రోగ్రామ్ సాయంతో గంటన్నర పని ఆరు నిమిషాల్లో తెమిలిందని రాశారు. డాక్టరమ్మ దగ్గర కూడా అనుమానమున్న బొమ్మల్ని ముందే ఏరిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. వాడుతుంది కానీ, మొదటిసారి మాత్రం దాన్ని ఆపేసి తనే చదువుతుందట. ప్రూఫుల దగ్గర నేనూ స్పెల్‌చెక్ ఆఖర్నే పెడతాను. అదొక పొగరు. ఉండనీ.

ఇక తెర మీద అమ్మ. ముందు నాలుక, పళ్లు, క్షణంలో గొంతు, కడుపు. కడుపులో ముప్పావుగంట తిరుగుడు. తర్వాత ఒక ఇరుకు వాకిలి దాటి చిన్నపేగు. గోడ నిండా సన్నటి వేళ్ల లాంటివి, నీళ్లలో కదులుతూ. తిన్నదాంట్లోని సారాన్ని పీల్చుకునేవి అవే. నాకు సముద్రం అడుగు గుర్తొచ్చింది. చాలామంది అలాగే అంటారట. అమ్మ మాత్రం కళ్లజోడు సర్దుకుని, "టర్కీ తువ్వాలులా ఉంది" అంది. డాక్టరమ్మ బొమ్మ ఆపేసి అమ్మవంక చూసింది. "మా ప్రొఫెసర్ ఇంత బాగా చెప్పలేదమ్మా" అంది.

మింగిన గంటా యాభై రెండో నిమిషం దగ్గర మళ్లీ ఆపింది. తువ్వాలు మీద ఒక దారప్పోగు. ఉడికిన సేమియా ముక్క లాంటిది, సెంటీమీటరుండొచ్చు, ఒక కొస వంపు తిరిగి గోడకి అతుక్కుని ఉంది. దాని పక్కన ఎర్రటి చుక్క. ఇంకో నాలుగు బొమ్మలు ముందుకి నడిపింది. ఇంకోటి. దాని లోపల ఎర్రగా గీతలా కనిపిస్తోంది, తాగిన రక్తం. ఆ తర్వాత ఒకేచోట మూడు.

"కొంకిపురుగులు" అంది. తర్వాత ఒక ప్రశ్న అడిగింది. అప్పటికి పద్దెనిమిది నెలలుగా తిరుగుతున్నాం, నాలుగు ఆస్పత్రుల ఫారాలు నింపాం. షుగరుందా, బీపీ ఉందా, నొప్పి మాత్రలు వాడతారా, ఇంట్లో ఎవరికైనా క్యాన్సరుందా, అన్నీ ఉన్నాయి వాటిలో. ఇది ఎక్కడా లేదు.

"అమ్మా, తోటలోకి వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటారా?"

అమ్మ తెల్లబోయింది. "తోటలోకి చెప్పులేసుకుని ఎవరెళ్తారండీ?"

కొంకిపురుగు పిల్లలు మట్టిలో ఉంటాయి. నీడ, తేమ, కాస్త ఇసుక కలిసిన గుల్లనేల అయితే వాటికి పండగే. అంటే అచ్చంగా మా అరటితోట. ఎవరో ఆరుబయట కూర్చున్నచోట గుడ్లు పడతాయి, పొదుగుతాయి, కంటికి ఆనని పిల్లలవుతాయి, ఒట్టికాలు కోసం కాచుకుంటాయి. వేళ్ల సందుల్లోని మెత్తటి చర్మంలోంచి దూరతాయి. కాస్త దురద పెడుతుంది, అంతే. మా వైపు దాన్ని బురద పుండనో, ఒరుపనో అనుకుని పసుపు రాసి ఊరుకుంటాం. అక్కడినుంచి రక్తంలో కలిసి గుండె మీదుగా ఊపిరితిత్తులకి, అక్కడినుంచి పైకి పాకి గొంతులోకి. గొంతులోకి వచ్చినదాన్ని మనం తెలియకుండానే మింగేస్తాం. చిన్నపేగు చేరాక కరుచుకుని, ఏళ్ల తరబడి అక్కడే కాపురం. ఒక్కో పురుగు తాగేది రోజుకి చుక్కలో భాగమే, రకాన్ని బట్టి ఇంకొంచెం ఎక్కువ. కానీ అవి పదులూ వందలూ ఉంటే, తిండిలో ఇనుము అంతంతమాత్రమైతే, ఒక మనిషి అరుగు మీద కూలబడటానికి అది చాలు.

కాలి చర్మంలోంచి దూరతాయనే సంగతి కూడా ఒక డాక్టరు ఒంటిమీదే తేలింది. 1898 ప్రాంతంలో కైరోలో ఆర్థర్ లూస్ అనే ఆయన చేతిమీద, ఈ పిల్లలున్న నీళ్లు పొరపాటున ఒలికాయి. చెయ్యి దురద పెట్టింది, ఎర్రబడింది. కొన్ని వారాలకి ఆయన మలంలోనే గుడ్లు కనిపించాయి.

ఇంకో చిన్న చరిత్ర చెప్పకుండా ఉండలేను. అమెరికా దక్షిణాదిలో పత్తిచేలలో చెప్పుల్లేకుండా పనిచేసే పేదల్ని సోమరిపోతులని లోకమంతా వెక్కిరించేది. 1902లో చార్ల్స్ స్టైల్స్ అనే శాస్త్రవేత్త వాళ్ల నీరసానికి కారణం ఈ పురుగేనని చెబితే, పత్రికలు 'సోమరితనపు క్రిమి' దొరికిందని హాస్యాలాడాయి. 1909లో రాక్‌ఫెల్లర్ పది లక్షల డాలర్లిచ్చి దీనిమీద ఒక కమిషన్ వేయిస్తే గానీ ఆ నవ్వులు తగ్గలేదు. ఇది చదువుతున్నప్పుడు నాకు మా పెద్దమ్మ గొంతు వినిపించింది. కాలు కదపబుద్ధి కావట్లేదట.

ఇంతా చేసి వైద్యమేంటి? ఆల్బెండజోల్, 400 మిల్లీగ్రాములు, రోజుకొకటి మూడు రోజులు. మా వీధి మెడికల్ షాపులో మూడు మాత్రలూ కలిపి ముప్పై రూపాయలు కాలేదు. తర్వాత నెలల తరబడి ఐరన్.

ఈ కథ విన్న స్నేహితులందరూ ఇక్కడికి రాగానే ఒకేలా నవ్వుతారు. ముప్పై నాలుగు వేలు పెట్టి ముప్పై రూపాయల రోగం పట్టుకున్నారన్నమాట! వాట్సాప్‌లో పంపుకోవడానికి బాగుంటుంది. నాకలా అనిపించదు. బడిపిల్లలకి ఏటా ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్రలిస్తారు, 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, తర్వాత దేశమంతా. ఏడాది నుంచి పందొమ్మిదేళ్ల దాకా. మా అమ్మ ఆ లెక్కలో లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత అని వచ్చింది, 2019-21లో. వాళ్లు కొలిచింది 15 నుంచి 49 ఏళ్ల వాళ్లని. మా అమ్మ అక్కడా లేదు. పిల్లల ఈడు దాటి, పిల్లల్ని కనే ఈడూ దాటిన మనిషి కాబట్టి ఆమె రక్తం ఏ పట్టికలోకీ ఎక్కదు. అలాంటి మనిషిని ఎక్కడినుంచో తిరిగి తిరిగి ఒక కెమెరా వచ్చి చూసింది. అది ఖరీదైన చూపే, ఒప్పుకుంటాను. అందరికీ దొరకదనీ ఒప్పుకుంటాను. నా ఆఫీసు ఇన్సూరెన్స్ లేకపోతే మాకూ దొరికేది కాదు.

పైగా ఎవరైనా మొదటిరోజే "పురుగులమ్మా, ఈ మాత్రలేసుకో" అంటే అమ్మ నమ్మేదా? నమ్మేది కాదు. రోజుకి రెండుపూటలా స్నానం చేసే మనిషి.

తెర మీద చూసిన రోజు ఆటోలో ఇంటికొస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు. ఇల్లు చేరాక, "ఎవరికీ చెప్పకు" అంది. "అల్సర్ అని చెప్పు. మీ పెద్దమ్మకైతే అసలు చెప్పకు." క్యాన్సరేమోనని అనుమానమున్నన్నాళ్లూ అందరికీ ఫోన్లు చేసి చెప్పింది. పురుగులనేసరికి నోరు మూతబడింది. క్యాన్సర్‌లో లేని సిగ్గు పురుగులో ఉంది. క్యాన్సర్ తలరాత, పురుగు మాత్రం మురికి. అంటే పేదరికం. అంటే, అమ్మ పైకి అనలేదు కానీ, కులం కూడా. తన కాలి కింద మట్టిలో ఎవరి మలం కలిసిందన్న ఆలోచన దగ్గర ఆగిపోయింది ఆమె. నాకు తెలుసు, ఎందుకంటే నా ఆలోచనా ఒక్క క్షణం అక్కడే ఆగి, అక్కడినుంచి కదిలింది. పురుగుకి ఈ పట్టింపులేవీ లేవు.

లోపలిది పదిమంది చూడటం మీద మనుషులకుండే ఈ బెరుకు చిన్నదేం కాదు. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రాడికి తుపాకి పేలి కడుపుకి చిల్లు పడింది. బతికాడు, చిల్లు మాత్రం పూడలేదు. బ్యూమాంట్ అనే సైనిక డాక్టరు ఆ చిల్లులోంచి దారానికి కట్టిన మాంసం ముక్కలు లోపలికి దించి, తీసి, ఏళ్లతరబడి 238 ప్రయోగాలు చేసి 1833లో పుస్తకం వేశాడు. జీర్ణం గురించి మనకి తెలిసినదానికి అదొక పునాది. సెయింట్ మార్టిన్‌కి మాత్రం ఇది నచ్చేది కాదు, ఒకటికి రెండుసార్లు డాక్టరుని వదిలి పారిపోయాడు. 1880లో అతను చనిపోతే, డాక్టర్లు ఎక్కడ కోసి చూస్తారోనని ఇంటివాళ్లు శవాన్ని కుళ్లేదాకా ఉంచి, బాగా లోతుగా గొయ్యి తీసి పూడ్చారు. ఇక చాలు చూసింది అన్నట్టు.

అమ్మ గురించి ఇది రాయొచ్చా అని నేను అడగడానికి ఆరు నెలలు ఆగాను. "పేరు రాయకు. ఊరు రాయకు. పురుగులు రాసుకో" అంది. అప్పటికి ఆమె సిగ్గు ఎటుపోయిందో నాకూ తెలిసింది.

ఆస్పత్రివాళ్లు రిపోర్టుతోపాటు ఆరు రంగుల బొమ్మలు అచ్చేసి ఇచ్చారు. దాన్ని అమ్మ ఊరికి పట్టుకెళ్లింది. బీరువాలో పెట్టుకుంటుందనుకున్నాను. తోటలో అమ్మతో కలిసి నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. పిలకలు తియ్యడం, కంద తవ్వడం, ఎండాకులు కొయ్యడం. ఇరవై ఏళ్లుగా వాళ్లే. వాళ్లలో ఒకావిడ గట్టు మీద కూర్చుని లేవలేకపోతోందని, మిగతావాళ్లు "దీనికి ఒళ్లొంగట్లేదు" అంటున్నారని, అమ్మ విన్నది. ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ బొమ్మల కాగితం తీసుకెళ్లి వాళ్ల మధ్యలో పరిచిందట. "ఇది నా పేగు. ఇవి నాలో ఉన్నవి" అందట. పెద్దమ్మకి ఇప్పటికీ అల్సరే.

"ఏమన్నారు?" అని అడిగాను ఫోన్లో.

"ఏవంటారు, పక్కకి జరిగి కూర్చున్నారు ముందు. తర్వాత ఒకత్తి చెయ్యి తుడుచుకుని కాగితం పట్టుకు చూసి, 'నాలోనూ ఇలాగే ఉంటాయా అక్కా?' అంది. ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు, పదండి అని ఆసుపత్రికి తీసుకెళ్లాను."

ఊళ్లో ప్రభుత్వాసుపత్రిలో నర్సమ్మ ముందు ఆ మాత్రలు పిల్లలవని అందట. అమ్మ మళ్లీ కాగితం తీసింది. చివరికి డాక్టరు అందరికీ రక్తపరీక్ష, మోషన్ పరీక్ష రాసి, మాత్రలు ఇచ్చాడు. గట్టు మీద కూలబడే ఆవిడకి హిమోగ్లోబిన్ ఏడు ఉంది. ఐరన్ మొదలెట్టారు. అమ్మకి మొన్న చూపిస్తే 11.2. బియ్యం డబ్బా జోలికి పోవట్లేదు.

నేను హైదరాబాదు నుంచి రబ్బరు బూట్లు పంపాను, మోకాలి దాకా వచ్చేవి. మొదట్లో తిట్టింది. కాలికి నేల తెలియదట. తడి ఎంత ఉందో, పిలక ఎక్కడుందో, పాముందో తేలుందో పాదానికే తెలుస్తుందట. భూదేవిని బూటుతో తొక్కడమేంటని కూడా అంది, కానీ అది రెండో కారణం. రెండు వారాలు గుమ్మం పక్కనే పడున్నాయి. వానలు పడ్డాక ఓ రోజు వేసుకుంది, గట్టు మీద జారింది, మళ్లీ వేసుకుంది.

పోయిన ఆదివారం ఫోన్ చేసి, "ఆ బూట్లు ఎక్కడ కొన్నావే?" అంది. ఆన్‌లైన్లో అన్నాను. "ఏడో నంబరు రెండు, ఆరో నంబరు ఒకటి, ఇంకోటి చిన్న పాదం, ఐదు సరిపోతుందేమో. నలుపే పంపు, తెలుపు పంపకు."